కళ్ళు మూయని ఆదెమ్మ

అనగనగా ఒక ఊళ్ళో రాజు లేడు, రాణి మాత్రం ఉండేది. ఆ రాణి ఎవరో కాదు, మీ అమ్మమ్మే. దుప్పట్లో దూరి నవ్వకు కెజియా. నువ్వు నవ్వితే మంచం ఊగుతుంది, నాకు తెలిసిపోతుంది.

ఇందాక ఏమన్నావు? పడుకునే ముందు ప్రార్థన చెయ్యవే అంటే, "నాకు పెద్ద పెద్ద మాటలు రావు అమ్మమ్మా, సండేస్కూల్లో అందరూ గడగడా చేస్తారు, నేను చెయ్యను" అన్నావు. సరే, చెయ్యకు. ముందు ఈ కథ విను. విన్నాక నీ ఇష్టం.

ఆ ఊరు కొల్లేటికి ఇవతల, పంటకాలువ పక్కన ఉండేది. ముప్పై ఇళ్ళు, ఒక తాటాకు చర్చి, ఆ చర్చికి ఒక ఇత్తడి గంట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాస్టరుగారి పుస్తకంలో నా పేరు దెబోరమ్మ. ఏడు ఊళ్ళవాళ్ళు పిలిచే పేరు మాత్రం ప్రార్థనల దెబోరమ్మ. పెళ్ళికి ప్రార్థన నేనే చెయ్యాలి. ఇంటి పునాదికి నేనే. గేదె ఈనినా నేనే.

నా ప్రార్థనంటే ఏమనుకున్నావు. ముందు దేవుడి బిరుదులే ఒక గంట చెప్పేదాన్ని. మహోన్నతుడవు, మహాఘనుడవు, మహామహిమగలవాడవు, అలా పోతూనే ఉండేది. చెప్పిన బిరుదు రెండోసారి వచ్చేది కాదు. ఇక నా గొంతంటావా, కాలువ అవతలి గట్టున మేసే గేదెలు మేత ఆపి తలలు వంచేవి. చేలో కొంగలు ఒంటికాలి మీద నిలబడ్డం నా ప్రార్థన వినీ వినీ నేర్చుకున్నాయి.

మొదటిసారి నా పేరు మోగింది యాకోబు మావ కొత్త ఇంట్లో. ఆ ఇంట్లో ఒక మూల గంపలో కోడి పొదుగుతోంది. నేను ప్రార్థన మొదలుపెట్టినప్పుడు దాని కింద ఉన్నవి గుడ్లు. నేను ఆమేన్ అనేసరికి పిల్లలై జనం కాళ్ళ మధ్య తిరుగుతున్నాయి.

"ఇరవై ఒక్క రోజులు పడుతుంది అమ్మమ్మా. మా సైన్సు పుస్తకంలో ఉంది."

నీ సైన్సు పుస్తకం ఆ ఇంట్లో ఉందా? నేనున్నాను. విను.

అప్పుడు అన్నం చల్లారిపోయింది. కూర మీద నూనె పేరుకుపోయింది. యాకోబు మావ పెళ్ళాం మళ్ళీ పొయ్యి రాజేస్తూ, "అమ్మాయ్ దెబోరా, నీ ప్రార్థన బాగుంది గానీ, ఇకమీదట నువ్వు ఆమేన్ అన్నాకే ఎసరు పెడతాను" అంది. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను. ఇంటికొచ్చి మీ తాతయ్యకి కూడా చెప్పాను.

రెండోసారి కోతపండుగనాడు. కోతపండుగంటే తెలుసుగా, కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి చర్చి ముందు పెట్టేవాళ్ళు. ఆ ఏడు పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు మోటారు సైకిలు మీద వచ్చాడు. వచ్చి ముప్పావుగంట ప్రార్థన చేశాడు. ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. మన ఊరి పరువు నీ చేతిలో ఉందన్నట్టు చూశారు.

అప్పుడు నేను కొంగు బిగించి లేచాను. జలప్రళయంనాడు ఓడ ఎక్కిన జంతువులన్నిటి పేర్లూ చెప్పి, ఒక్కొక్కదాని కోసం వేరు వేరుగా స్తోత్రం చెల్లించాను. కప్పని కూడా వదల్లేదు. మగ కప్పకొకటి, ఆడ కప్పకొకటి. నేను పూర్తిచేసేసరికి కానుకకి తెచ్చిన గుమ్మడికాయ మొలకెత్తి, తీగ సాగి, చర్చి కప్పు మీదికి పాకింది. ఆ ప్రసంగీకుడు మోటారు సైకిలు అక్కడే వదిలేసి కాలినడకన వెళ్ళిపోయాడు.

అదిగో, అక్కడే చూశాను ఆదెమ్మత్తని.

ఆదెమ్మత్త బాతులు మేపేది. పొద్దున్నే వాటిని కాలువలోకి తోలి, చేతిలో పొడుగాటి వెదురుగడ పట్టుకుని గట్టు మీద నడిచేది. ఒక్క అక్షరం రాదు. కాళ్ళకి చెప్పుల్లేవు. చర్చికొస్తే అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చునేది, బయట బాతులు కనబడేలా.

ఆ రోజు ప్రార్థన మధ్యలో నేను ఒక కన్ను తెరిచాను. కొంచెమే, ఇదిగో ఇంత. జనం ఎలా వింటున్నారో చూడాలి కదా. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆదెమ్మత్త ఒక్కతే రెండు కళ్ళూ తెరుచుకుని తలుపులోంచి బయటికి చూస్తోంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

నాకు ఒళ్ళు జలదరించింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం మా ఊళ్ళో పాలుతాగే పిల్లలు కూడా చెయ్యరు.

"నువ్వూ తెరిచావు కదా?"

నేను తెరిచింది ఒక్క కన్ను. మాట్లాడకు.

ఆ తర్వాత అందరి ముందూ అడిగాను. "ఏం ఆదెమ్మత్తా, దేవుడి ముందైనా కళ్ళు మూసుకోవా?"

"మూసుకుంటే బాతులు పోతాయి కోడలా," అంది. "ఆయనిచ్చిన బాతులేగా."

జనం నవ్వారు. నాకు ఇంకా మండింది. "అయితే నీ ప్రార్థనేదో మాకూ వినిపించు" అన్నాను.

ఆదెమ్మత్త లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పుడు కూడా బయటికే చూస్తూ, "అయ్యా, నేను ఆదెమ్మని. బాతులన్నీ లేచినియ్యి. కుంటిది కూడా లేచింది. మంచిదయ్యా. మళ్ళీ వత్తాను" అని కూర్చుంది.

అంతే.

కెజియా, పిడుగు పడ్డాక కూడా అంత నిశ్శబ్దం ఉండదు. ముప్పై ఇళ్ళ జనం బిగుసుకుపోయారు. బిరుదు లేదు. స్తోత్రం లేదు. ఆమేన్ లేదు. మళ్ళీ వత్తానంట, పక్కింట్లో మజ్జిగ అడిగి తెచ్చుకున్నట్టు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడుచుకున్నది అద్దాలు కాదు, కళ్ళు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఒక నియమం పెట్టించాను. ప్రార్థన మొదలైతే ఆమేన్ వినబడేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. తేలు కుట్టినా తెరవకూడదు. తెరిచేవాళ్ళు బయటే ఉండాలి. పాస్టరుగారికి ఇష్టం లేదు. కానీ ఏడు ఊళ్ళ ప్రార్థనల దెబోరమ్మని కాదనడానికి ఆయనకి నోరు రాలేదు.

ఆదెమ్మత్త వెదురుగడ తీసుకుని బయటికి వెళ్ళింది.

"పంపించేశావా?"

పంపించేశాను. ఆ తర్వాత మూడు ఆదివారాలు తలుపు పక్కన ఆవిడ చోటు ఖాళీగా ఉంది. నేనేమో చక్కగా శుభ్రంగా ఉందనుకున్నాను.

ఇక మూడోది చెబుతాను. ఇది చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకో. చలికి కాదు. ఊరికే.

ఆ మూడో వారంలోనే మీ అమ్మ హెప్సిబాకి మొదటి పుట్టినరోజు వచ్చింది. మా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టాం. ముందుగదిలో పెద్ద చాప పరిచాం. ఇంటికొకరు చొప్పున ముప్పై మంది వచ్చి గోడల వెంట కూర్చున్నారు. మీ తాతయ్య బెల్లపు ఉండల పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మీ అమ్మకి తెల్ల గౌను తొడిగి, కాళ్ళకి వెండి మువ్వలు పెట్టి, చేతికి ఒక బిస్కెట్టు ఇచ్చి చాప మధ్యలో కూర్చోబెట్టాం. అప్పటికి దానికి నడక రాలేదు. పాకేది.

మధ్యాహ్నం మూడింటికి నేను లేచాను. సొంత కూతురి పుట్టినరోజు. ఏడు ఊళ్ళు పదేళ్ళపాటు చెప్పుకునే ప్రార్థన చెయ్యాలి. "కళ్ళు మూసుకోండి" అన్నాను. అందరూ మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఈసారి రెండూ.

లోకంలో మొదటి వెలుగు పుట్టిన దగ్గర ఎత్తుకున్నాను. ఆ తర్వాత నీళ్ళు. ఆ తర్వాత నేల. ఆ తర్వాత చెట్లు, చేపలు. అప్పుడు మువ్వలు వినబడ్డాయి. ఘల్లు ఘల్లు. చాప మీద నుంచే. నా కూతురు కూడా నా ప్రార్థనకి ఊగుతోంది అనుకున్నాను. గొంతు పెంచాను.

ఆ తర్వాత మువ్వలు వంటింటి వైపు వెళ్ళాయి. ఘల్లు ఘల్లు. ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. తర్వాత తెలిసింది, ముప్పై మందీ అదే అనుకున్నారట. కానీ ఎవరూ కళ్ళు తెరవలేదు. నియమం కదా. నేను పెట్టిందే కదా.

ఆ తర్వాత మువ్వలు పెరటి గడప దాటాయి. మట్టిలో చప్పుడు తగ్గింది. ఘల్లు. మళ్ళీ కాసేపటికి, ఘల్లు. నేనప్పుడు జలప్రళయం దగ్గరికి వచ్చాను. ఆ ఘట్టం నేను చెప్తుంటే వినేవాళ్ళకి అరికాళ్ళు తడిసేవి. గొంతు ఇంకా పెంచాను. ఇక మువ్వలు వినబడలేదు.

అప్పుడు బాతులు అరిచాయి. అన్నీ ఒక్కసారిగా.

మా పెరటి వెనకే పంటబోదె ఉండేది. కాలువ నుంచి చేలకి నీళ్ళు పారే బోదె.

కళ్ళు తెరిచాను. ముప్పై మంది చేతులు జోడించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క రెప్ప కదలడం లేదు. మీ తాతయ్య పళ్ళెం పట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతున్నాడు. చాప మధ్యలో సగం కొరికిన బిస్కెట్టు ఉంది. మీ అమ్మ లేదు.

ఈ అమ్మమ్మ నోరు ఎలాంటిదో నీకు తెలుసు. కప్పలకి కూడా స్తోత్రం చెప్పిన నోరు. ఆ నోట్లో ఒక్క బిరుదు దొరకలేదు. మహోన్నతుడా అందామనుకున్నాను, మొదటి అక్షరమే రాలేదు. పరిగెత్తాను. పెరటి గడప దాటుతుంటే నా నోట్లోంచి మూడే మాటలు వచ్చాయి. అయ్యా, నా పిల్ల. అంతే. గట్టిగా కూడా రాలేదు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకి వినబడేది కాదు.

"బోదె ఎంత లోతు అమ్మమ్మా? ఏడు తాడిచెట్లంతా?"

కాదు.

"ఏనుగంతా?"

కాదమ్మా. మోకాలి లోతు.

"నిజంగానా?"

నిజంగానే. ఈ కథలో మిగతావన్నీ నీ ఇష్టం వచ్చినంత తగ్గించుకో, నేనేమీ అనుకోను. బోదె లోతు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దవాళ్ళకి మోకాలి లోతు. ఏడాది పిల్లకి చాలు.

వెళ్ళేసరికి బోదెలో ఆదెమ్మత్త నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా చీర తడిసి ఉంది. ఆవిడ వెదురుగడ నీళ్ళలో కొట్టుకుపోతోంది. ఆవిడ ఎడమచేతి మీద మీ అమ్మ బోర్లా ఉంది. తెల్ల గౌనంతా బురద. కాళ్ళు వేలాడుతున్నాయి. కాళ్ళకి మువ్వలున్నాయి, చప్పుడు లేదు.

నేను గట్టు మీదే ఆగిపోయాను. ఇంకొక్క అడుగు వెయ్యలేకపోయాను.

ఆదెమ్మత్త కుడిచేత్తో మీ అమ్మ వీపు మీద చరిచింది. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. ఏడుపు రాలేదు. రెండోసారి చరిచింది. ఇంకా కాసిని నీళ్ళు వచ్చాయి. ఏడుపు రాలేదు. ఆవిడ కళ్ళు పిల్ల మొహం మీదే ఉన్నాయి, ఒక్కసారి కూడా మూయలేదు. చూస్తూనే మాట్లాడుతోంది, ఎదురుగా గట్టు మీద ఎవరో ఉన్నట్టు. "అయ్యా, నేను ఆదెమ్మని. ఇది మా దెబోరమ్మ పిల్ల. ఏడిపించయ్యా." అంటూ మూడోసారి చరిచింది.

మీ అమ్మ ఏడ్చింది.

ఆ ఏడుపు పట్నందాకా వినబడింది. పెంచి చెప్పడం లేదు. నాకు వినబడినంతే చెబుతున్నాను.

"మంచిదయ్యా," అంది ఆదెమ్మత్త. "మళ్ళీ వత్తాను." ఆ తర్వాత నా వైపు తిరిగి, "పిల్లని పట్టుకో కోడలా, నా గడ పోతంది" అంది.

పిల్లని నా చేతుల్లో పెట్టి నీళ్ళలో గడ వెనకాల వెళ్ళింది. తెచ్చుకుంది. తెచ్చుకుని, ఒకసారి బాతులన్నిటినీ కలయజూసి, అప్పుడు గట్టెక్కింది. నేను బురదలో కూలబడి ఉన్నాను.

"అత్తా, నువ్విక్కడ ఎలా ఉన్నావు?" అన్నాను.

"నువ్వేగా బయట ఉండమన్నావు," అంది. అందులో కోపం లేదు. బాతులు ఫలానా చోట మేస్తున్నాయి అన్నట్టు చెప్పింది. "మువ్వలు వినపడ్డాయి. చూత్తానే ఉన్నాను కాబట్టి చూశాను. కాత్త దూరంగా ఉన్నాను, ఒక్క మునక మునిగింది."

నా చెయ్యి వదలకు కెజియా. ఇంకాసేపు అలాగే పట్టుకో.

పిల్లనెత్తుకుని ఇంట్లోకి వచ్చాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. సగంమంది నా వెనకే పరిగెత్తుకొచ్చారు, పెరట్లో ఎదురయ్యారు. మిగతా సగంమంది ఇంకా కళ్ళు మూసుకునే కూర్చున్నారు. నేను ఆగింది ఊపిరి పీల్చుకోవడానికి అనుకున్నారు.

మీ తాతయ్య కళ్ళు తెరవకుండానే, "ఆమేన్ అయిందా?" అన్నాడు.

నేను తడి పిల్లని ఆయన గుండెకి ఆనించాను. అప్పుడు తెరిచాడు కళ్ళు. పళ్ళెం జారిపోయింది. బెల్లపు ఉండలు గదంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అందరూ మువ్వలు విన్నవాళ్ళే.

అప్పుడు పాస్టరుగారు, "దెబోరమ్మా, ముగించమ్మా" అన్నారు మెల్లగా.

నేను లేచాను. జనం అలవాటుగా కళ్ళు మూసుకోబోయారు. "మూసుకోకండి," అన్నాను. "పిల్లల్ని చూస్తూ ఉండండి." అప్పుడు మొదలుపెట్టాను. "అయ్యా, నేను దెబోరమ్మని."

అక్కడే ఆగిపోయాను. ఎందుకంటావా? అన్నేళ్ళుగా గంటలు గంటలు ఆయన బిరుదులన్నీ చెప్పాను గానీ, కెజియా, నేనెవరో ఆయనకి ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. ఊరికి చెప్పుకున్నాను, ఏడు ఊళ్ళకి చెప్పుకున్నాను.

"అయ్యా, నేను దెబోరమ్మని. పిల్ల ఏడ్చింది. చూసే మనిషిని నేనే బయటికి పంపాను. తప్పు నాది. నువ్వు మాత్రం నా పిల్లని చూశావు. మంచిదయ్యా."

ఆమేన్ అనబోయి గుమ్మం వైపు చూశాను. ఆదెమ్మత్త లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి ఉంది, తడిచీర పిండుకుంటూ. "మళ్ళీ వస్తాను" అన్నాను. అని, వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని గడప ఇవతలికి తెచ్చాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బానే వచ్చింది కోడలా," అంది. "కాత్త పొడుగైంది."

ఆ తర్వాత మా చర్చిలో ఆ పాత నియమం పోయింది. కొత్త వాడుక వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఒక్కరు మాత్రం తలుపు పక్కన కూర్చుని కళ్ళు తెరుచుకుని ప్రార్థన చెయ్యాలి. పిల్లల్నీ గుమ్మాన్నీ చూస్తూ ఉండాలి. ఆదెమ్మత్త ఉన్నన్నాళ్ళూ ఆ చోటు ఆవిడదే. పోతూ పోతూ నాకిచ్చింది. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. చీమ గడప దాటినా, ఆడ చీమో మగ చీమో కూడా చెబుతాను. ఇక చిన్న ప్రార్థనంటావా, ఏడు ఊళ్ళలో నా అంత చిన్న ప్రార్థన చేసేవాళ్ళు ఉంటే రమ్మను. మూడు మాటల్లో ముగించినదాన్ని.

ఏమిటి, లేచి కూర్చున్నావు?

"యేసయ్యా, నేను కెజియాని. నా ముందుపన్ను ఊగుతోంది. భయంగా ఉంది. అమ్మ ఏడ్చినందుకు మంచిదయ్యా. మళ్ళీ వస్తాను." మళ్ళీ నా వైపు ఆ చూపేమిటి? "కొంచెం పొడుగైందా అమ్మమ్మా?"

లేదు తల్లీ. సరిపోయింది. నా కంటే బాగుంది, కానీ ఆ మాట నేనన్నానని బయట చెప్పకు. రా, పడుకో. ఇక కళ్ళు మూసుకో. ఇప్పుడు మూసుకోవచ్చు. నేను చూస్తూ ఉంటాను.

కథ చేరె కంచికి,
బాతు చేరె గూటికి,
చిన్న మాట మింటికి,
కునుకు నీ కంటికి.